థాయ్‌లాండ్ ట్రిప్పుకు మార్కులు ఎక్కువ, కాండో బేరానికి తక్కువ: వైజాగ్ కొనుగోలుదారుల కోసం ఒక రివ్యూ

బీచ్ రోడ్డు హోటళ్ల హాళ్లలో ఈమధ్య శని, ఆదివారాలు రిసెప్షన్లకు పోటీగా విదేశీ ఆస్తుల ప్రదర్శనలు నడుస్తున్నాయి. దుబాయ్ స్టాల్ మనకు పాతదే. థాయ్‌లాండ్ స్టాల్‌కు జోరు వచ్చింది మాత్రం 2024 ఏప్రిల్‌లో థాయ్ ఎయిర్ ఏషియా వైజాగ్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానం వేశాక. అప్పటి నుంచి "మీ ఊరి నుంచి మూడు గంటలే" అన్న మాట బ్రోషర్ల మొదటి పేజీకి ఎక్కింది.

ఇక్కడ రివ్యూ చేస్తున్నది ఏ ఒక్క ఏజెన్సీనో కాదు, ఆ స్టాళ్ల మీద పెట్టి అమ్మే సరుకుని. సరుకు నిజానికి రెండు రకాలు. ఒకటి సెలవులకు వెళ్లే దేశం, రెండోది ఆ దేశంలో కాండో, అంటే అపార్టుమెంటు భవనంలో ముప్పై చదరపు మీటర్ల గది. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని అంటగట్టడమే ఈ వ్యాపారంలో కిటుకు. నాలుగు రోజులు తిప్పి, సముద్రం చూపించి, రొయ్యలు తినిపించి, చివరి రోజు పొద్దున షోరూంలో కూర్చోబెడతారు. ట్రిప్పు బాగుందంటే అది ట్రిప్పు గొప్పే. గది కొనడానికి లెక్క వేరే ఉంది.

మార్కులు ముందే చెప్పేస్తే: విహారానికి ఐదుకు నాలుగున్నర. ఏటా రెండు మూడు నెలలు సొంతంగా ఉండటానికి కొనేవాళ్లకు మూడు. అద్దె రాబడి కోసం కొనేవాళ్లకు రెండు, అదీ కాస్త ఉదారంగా.

విహారం సంగతి

2019లో దాదాపు 4 కోట్ల మంది విదేశీయులు వెళ్లిన దేశం అది. కొవిడ్ తర్వాత 2024లో మూడున్నర కోట్లకు కోలుకుంది, అందులో మనవాళ్లే 20 లక్షలు దాటారు. ఊరికే అంతమంది వెళ్లరు. భారతీయులకు 2023 నవంబరు నుంచి వీసా లేకుండా 30 రోజులు ఇచ్చారు, 2024 జూలై 15 నుంచి దాన్ని 60 రోజులు చేశారు. ఈ గడువుల్ని అక్కడి ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది కాబట్టి టికెట్ కొనే ముందు రాయబార కార్యాలయం సైట్‌లో ఒకసారి చూసుకోవాలి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్లో నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగే సైట్ కనబడితే అది సర్కారుది కాదు, మూసేయండి.

దిగాక సులువుగా తిరగొచ్చు. బ్యాంకాక్‌లో మీటర్ టాక్సీ 35 బాట్‌లతో (థాయ్ కరెన్సీ) మొదలవుతుంది. సువర్ణభూమి ఎయిర్‌పోర్టు క్యూలో ఎక్కితే మీటరు మీద 50 బాట్‌లు, టోల్ అదనం. అంతకుమించి అడిగితే దిగిపోవచ్చు. పటాయాలో నీలం సాంగ్‌తేవ్‌లు మన షేర్ ఆటోల పద్ధతే. నిర్ణీత రూట్లో నడుస్తున్నదాన్ని ఆపి ఎక్కి, బజర్ నొక్కి దిగి, చిల్లర చేతిలో పెట్టి వెళ్లిపోవాలి. ఆగి ఉన్న ఖాళీ బండి దగ్గరికెళ్లి "ఎంత?" అని అడిగారో, మొత్తం బండి కిరాయి చెబుతాడు.

ఋతువు చూసుకోవాలి. ఫుకెట్, క్రాబీ ఉన్న అండమాన్ సముద్రం వైపు మే నుంచి అక్టోబరు దాకా వాన, అలలు. కో సముయి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కుండపోత. దసరా సెలవులకు ఫుకెట్ ప్యాకేజీ చవగ్గా వచ్చిందంటే కారణం అదే. సముద్రంలో ఎర్రజెండా ఉంటే దిగకూడదని ఆర్కే బీచ్ చూసిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

శాకాహారులకు ఇబ్బందే. కూరగాయల వేపుడులో కూడా ఫిష్ సాస్, ఆయిస్టర్ సాస్ పడతాయి. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలుంటాయి. "జే" అని పసుపు, ఎరుపు రంగుల బోర్డున్న కొట్లలో మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. చేపలు, రొయ్యలు తినే వైజాగ్ వాళ్లకు మాత్రం పండగే.

పోయే చోట డబ్బు ఎలా పోతుందంటే: జెట్ స్కీ అద్దెకు తీసుకుంటే తిరిగొచ్చాక పాత గీతలు చూపించి నష్టపరిహారం అడుగుతారు, ఎక్కేముందే చుట్టూ వీడియో తీయాలి. స్కూటర్‌కి పాస్‌పోర్టు తాకట్టు పెట్టకూడదు, నగదు డిపాజిట్ చాలు. ద్విచక్రవాహనానికి చెల్లే అంతర్జాతీయ లైసెన్సు లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది. ఈ-సిగరెట్లు అక్కడ నిషిద్ధం. గంజాయి దుకాణాలు కనిపిస్తాయి కానీ 2025 జూన్ నుంచి వైద్యుడి చీటీ ఉండాలి, మన ఎయిర్‌పోర్టులో దొరికితే నేరుగా కేసే. అర మార్కు కోసింది ఇలాంటి వాటికి, విదేశీయులకు వేసే రెండో రేటుకి.

స్టాల్ దగ్గర చెప్పేది, చట్టంలో ఉన్నది

"ఫ్రీహోల్డ్, పూర్తి యాజమాన్యం" అంటారు. కాండో విషయంలో మాట నిజమే. 1979 నాటి కాండోమినియం చట్టం ప్రకారం ఒక భవనంలో అమ్మదగిన మొత్తం విస్తీర్ణంలో 49 శాతం వరకు విదేశీయుల పేరున ఉండొచ్చు. లెక్క ఫ్లాట్ల సంఖ్య మీద కాదు, విస్తీర్ణం మీద. పెద్ద ఫ్లాట్లు ముందే విదేశీయులకు పోతే, సగం భవనం ఖాళీగా ఉన్నా కోటా నిండిపోవచ్చు. అప్పుడు మీకు చూపించేది "థాయ్ కోటా" ఫ్లాటు, మీరు కొనేది 30 ఏళ్ల లీజు. ధర పది, పదిహేను శాతం తక్కువ చెబితే వెంటనే అడగాల్సిన ప్రశ్న: ఇది ఏ కోటా?

లీజుకు చట్టం ఇచ్చే గరిష్ఠ కాలం 30 ఏళ్లు. "30, మళ్లీ 30, మళ్లీ 30" అని కాగితం మీద రాసినా రిజిస్టరయ్యేది మొదటి 30 ఒక్కటే. తర్వాతివి ఉత్త మాటలు. వారసుల ప్రస్తావన లీజులో రాయించుకోకపోతే లీజుదారుడు పోయినప్పుడు లీజూ పోతుంది. కోటాను 75 శాతానికి, లీజును 99 ఏళ్లకు పెంచే ఆలోచన 2024లో అక్కడి ప్రభుత్వం పరిశీలించిన మాట వాస్తవం. దాన్ని చట్టం అయిపోయినట్టు చెప్పి అమ్మేవాళ్లున్నారు.

భూమి అయితే విదేశీయుడు కొనలేడు. విల్లా కావాలంటే థాయ్ కంపెనీ పెట్టి 51 శాతం వాటాలు స్థానికుల పేరున ఉంచుదామంటారు. పేరుకే వాటాదారులు పెట్టడం అక్కడ నేరం, దొరికితే భూమి అమ్మేయాల్సి వస్తుంది. ఈ ప్రతిపాదన వచ్చిన టేబుల్ దగ్గర ఇంకేం వినక్కర్లేదు.

వైజాగ్‌లో స్థలం కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? ఈసీ తీస్తాం, లింకు డాక్యుమెంట్లు చూస్తాం, 22-ఎ నిషేధిత భూముల జాబితాలో ఉందేమో కనుక్కుంటాం. అక్కడ వీటికి సమానమైనది టైటిల్ డీడ్ వెనక పేజీ. ముందు పేజీలో ఫ్లాటు నంబరు, అంతస్తు, విస్తీర్ణం, ఉమ్మడి ఆస్తిలో వాటా ఉంటాయి. వెనక గళ్లలో ఒక్కో అమ్మకం, తనఖా, లీజు తేదీతో సహా వరుసగా ఎక్కి ఉంటాయి. స్టాల్‌లో ఎప్పుడూ ముందు పేజీ ఫోటోనే చూపిస్తారు. వెనక పేజీ అడగండి. తేదీలు బౌద్ధ శకంలో ఉంటాయి, 543 తీసేయాలి. 2561 అని ఉంటే 2018. చివరి గడిలో బ్యాంకు పేరుండి, దాని కింద విడుదల ఎంట్రీ లేకపోతే ఫ్లాటు ఇంకా తాకట్టులో ఉన్నట్టే.

కట్టడం పూర్తి కాని ప్రాజెక్టుకు ఆ పేజీయే ఉండదు. భవనం పూర్తయి కాండోగా రిజిస్టరయ్యాకే ఫ్లాటుకు టైటిల్ పుడుతుంది, అందాకా మీ చేతిలో ఉండేది ఒప్పంద పత్రం మాత్రమే. మన రెరా చట్టంలో కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలన్న నిబంధన ఉంది. థాయ్‌లాండ్‌లో ఎస్క్రో చట్టం (కొన్నవాళ్ల సొమ్మును మూడో పక్షం దగ్గర ఉంచే పద్ధతి) ఉన్నా అది ఐచ్ఛికం, చాలా ప్రాజెక్టుల్లో ఉండదు. అందుకే తయారైన భవనంలో కొనేవాళ్లకు పెట్టిన మూడు మార్కులు, పునాదుల దశలో కొనేవాళ్లకు వర్తించవు. పర్యావరణ అనుమతి, నిర్మాణ అనుమతి రాకముందే బుకింగ్ తీసుకునే ప్రాజెక్టులకు ఒక్క బాట్ కూడా ఇవ్వొద్దు.

ఇంకొకటి. 2025 మార్చి 28న మయన్మార్ భూకంపానికి బ్యాంకాక్ ఊగింది, నిర్మాణంలో ఉన్న ఒక ప్రభుత్వ భవనం కూలిపోయింది. ఎత్తయిన కాండోలు చాలావాటిలో గోడలు బీటలిచ్చాయి. బ్యాంకాక్ టవర్‌లో కొంటుంటే ఆ తర్వాత చేసిన ఇంజినీరు తనిఖీ నివేదిక కావాలని అడగండి. కొత్త పెయింటు నివేదిక కాదు.

డబ్బు పంపడం: అసలు తలనొప్పి ఇక్కడే

ఆర్‌బీఐ ఎల్‌ఆర్‌ఎస్ (మనవాళ్లు విదేశాలకు సొమ్ము పంపుకునే పథకం) కింద ఒక్కో మనిషి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు, విదేశంలో ఇల్లు కొనడమూ అందులో ఉంది. సొమ్ము సొంతదై ఉండాలి, ఇందుకోసం ఇక్కడి బ్యాంకులు అప్పివ్వకూడదు. ఖాతా కనీసం ఏడాది పాతదైతే పని తేలిక. బుకింగ్ సొమ్ము క్రెడిట్ కార్డు మీద గీకేయమంటే ఒప్పుకోవద్దు. ఆస్తి కొనుగోలు క్యాపిటల్ అకౌంట్ లావాదేవీ, ఏ2 ఫారం (విదేశాలకు సొమ్ము పంపే దరఖాస్తు) నింపి, స్థిరాస్తి పర్పస్ కోడ్ వేయించి బ్యాంకు ద్వారా పంపాల్సిందే. స్టాల్‌లో స్వైప్ మెషీన్ కనిపించడమే ఒక హెచ్చరిక.

రెండో మెలిక: డబ్బు థాయ్‌లాండ్‌కు విదేశీ కరెన్సీలో చేరి, అక్కడి బ్యాంకులోనే బాట్‌గా మారాలి. మన బ్యాంకు క్లర్కు మంచిమనసుతో "ఇక్కడే బాట్‌లోకి మార్చి పంపేస్తాం" అంటే వద్దనండి, డాలర్లలోనే పంపమనండి. అక్కడి బ్యాంకు ఇచ్చే విదేశీ మారక ధ్రువపత్రం లేకుండా ల్యాండ్ ఆఫీసు విదేశీయుడి పేర రిజిస్టర్ చేయదు. 50,000 డాలర్లు, అంతకు మించి ఒకేసారి పంపితే ఆ పత్రం వస్తుంది. అంతకు తక్కువ వాయిదాలైతే ప్రతి వాయిదాకీ బ్యాంకు లేఖ విడిగా అడిగి తీసుకోవాలి. రెండేళ్ల తర్వాత అడిగితే వెతికిపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. పంపేటప్పుడు "ఫలానా ప్రాజెక్టు, ఫలానా నంబరు కాండో కొనుగోలుకు" అని సందేశంలో ఉండాలి.

మనవాళ్లు ఇరుక్కునేది పేరు దగ్గర. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో వరుస తిరగబడి ఉంటుంది. పంపినవారి పేరు, కొన్నవారి పేరు ఒకటేనని ల్యాండ్ ఆఫీసు గుమస్తాకు అనిపించాలి, ఆయనకు మన ఇంటిపేర్ల గొడవ తెలియదు. మొదటి రూపాయి పంపకముందే ఖాతా పేరును పాస్‌పోర్టు ప్రకారం మార్పించుకోవాలి. భార్యాభర్తల పేర కొంటుంటే ఎవరి వాటా వారి ఖాతా నుంచే వెళ్లాలి.

ఇక టీసీఎస్, అంటే సొమ్ము పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద, ఆస్తి కొనుగోలుకైతే 20 శాతం. ఇది అదనపు పన్ను కాదు, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, జీతగాళ్లు కంపెనీకి చెప్పి నెలవారీ టీడీఎస్‌లోనే తగ్గించుకోవచ్చు. కాకపోతే అంత సొమ్ము నెలల తరబడి ఇరుక్కుపోతుంది. ఇన్‌స్టాల్‌మెంట్ల మీద కొనేవాళ్లు మొత్తం ఒకేసారి పంపి అక్కడి ఖాతాలో నానబెట్టకూడదు, వాడని సొమ్మును 180 రోజుల్లో వెనక్కి తేవాలన్న నిబంధన ఉంది.

ఒక ఫ్లాటు లెక్క

పటాయాలో 30 చదరపు మీటర్ల తయారైన స్టూడియో, ధర 30 లక్షల బాట్‌లు అనుకుందాం. బాట్‌కు 2.80 రూపాయలు వేసుకుంటే 84 లక్షలు. ఒక్కరే పంపితే టీసీఎస్ 14.80 లక్షలు, ఇద్దరు చెరి సగం పంపితే 12.80 లక్షలు. అంటే 84 లక్షల ఫ్లాటుకు చేతిలో కోటి రూపాయలు ఉండాలి.

రిజిస్ట్రేషన్ బదిలీ రుసుము 2 శాతం, సాధారణంగా ఇద్దరూ చెరి సగం భరిస్తారు. మీ వాటా 30,000 బాట్‌లు. సింకింగ్ ఫండ్ (భవనం పెద్ద మరమ్మతుల నిధి) మీటరుకు 500 చొప్పున 15,000, కట్టేది ఒక్కసారే. "ఫుల్లీ ఫిటెడ్" అంటే వంటగట్టు, బాత్రూమ్ అమరికలే. మంచం, పరుపు, ఫ్రిజ్, కర్టెన్లు మీరే కొనాలి, దానికో 2 లక్షలు. మొత్తం 32,45,000.

ఇప్పుడు అద్దె. నెలకు 14,000 బాట్‌లు, ఏడాదిలో పది నెలలు నిండింది అనుకుంటే 1,40,000. ఏజెంటుకు ఒక నెల అద్దె పోతుంది. నిర్వహణ చార్జీ మీటరుకు నెలకు 50 చొప్పున ఏడాదికి 18,000. ఏసీ సర్వీసు, చిన్న మరమ్మతులు, బీమాకు 10,000. మిగిలేది 98,000, అంటే పెట్టిన దాని మీద 3 శాతం. థాయ్ పన్ను ఈ స్థాయిలో దాదాపు పడదు, రిటర్న్ మాత్రం వేయాలి. ఇండియాలో ఈ అద్దె మీ ఆదాయంలో కలుస్తుంది.

మధురవాడ ఫ్లాటు అద్దె రాబడి ఇంతకంటే పెద్ద గొప్పేం కాదు, నిజమే. కాని మధురవాడలో విభాజ్యం కాని భూమి వాటా మీ పేర గజాల్లో ఉంటుంది, ఊరు పెరిగితే దాని ధర పెరుగుతుంది. ముప్పై ఏళ్ల పాత భవనం పక్కనే కొత్త టవర్ లేస్తున్న పటాయాలో, ఇరవయ్యో అంతస్తు స్టూడియోకి పోటీ ఎప్పటికీ కొత్త స్టూడియోనే. థాయ్ వైపు ఒక అనుకూలత ఉంది, అది ఒప్పుకోవాలి: గత పదేళ్లలో రూపాయి మీద బాట్ బాగా బలపడింది. అయితే ఆ లాభం ఇంటిది కాదు, కరెన్సీది.

"రోజు అద్దెకిస్తే మూడింతలు వస్తుంది" అన్నది స్టాల్‌లో తిరిగే ఇంకో మాట. 2004 హోటల్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా నెల కంటే తక్కువ కాలానికి అద్దెకివ్వకూడదు. 2018లోనే హువా హిన్ కోర్టు కాండో యజమానులకు ఇందుకు జరిమానా వేసింది. చాలా భవనాల లిఫ్టుల్లో ఆ హెచ్చరిక అతికించి ఉంటుంది, సైట్ విజిట్‌లో మీరే చూడొచ్చు. విదేశీ కిరాయిదారు దిగితే 24 గంటల్లో ఇమిగ్రేషన్‌కు తెలిపే బాధ్యత కూడా యజమానిదే.

"మూడేళ్లు ఏటా 7 శాతం గ్యారంటీ" అంటే ధరలో ముందే కలిపేసిన మీ 21 శాతం మీకే వాయిదాల్లో తిరిగొస్తోందేమో చూడండి. అదే వీధిలో అంతే విస్తీర్ణమున్న రీసేల్ ఫ్లాటు ధర కనుక్కుంటే తేలిపోతుంది. గ్యారంటీ రాసిచ్చేది బిల్డరా, లేక నిన్న పుట్టిన మేనేజ్‌మెంట్ కంపెనీయా అన్నది మొదటి పేజీలోనే ఉంటుంది.

ఫ్లాటు కొంటే వీసా వస్తుందన్న భ్రమ కూడా వదులుకోవాలి. మామూలు కాండోకి నివాస హక్కు రాదు. 2022లో మొదలైన దీర్ఘకాల వీసాలో సంపన్నుల విభాగానికి 5 లక్షల డాలర్ల పెట్టుబడి కావాలి. ప్రివిలేజ్ అనే దీర్ఘకాల వీసా సభ్యత్వం విడిగా డబ్బు పెట్టి కొనుక్కునేది, దానికీ ఫ్లాటుకీ సంబంధం లేదు.

కొన్నాక, అమ్మేటప్పుడు

ఏటా ఐటీ రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల వివరాల పట్టిక) నింపాలి. అద్దె రాకపోయినా, ఖాళీగా ఉన్నా సరే. మరిచిపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా వెళ్తుంది. విదేశీ ఆస్తులకు 20 లక్షల మినహాయింపు ఉందని ఎవరైనా అంటే, అది స్థిరాస్తికి లేదు.

వెళ్లలేక ముక్త్యారునామా ఇవ్వాల్సి వస్తే ల్యాండ్ ఆఫీసు సొంత నమూనా మీదే రాయాలి. ఇక్కడ నోటరీ అయ్యాక థాయ్ రాయబార కార్యాలయంలోనో కాన్సులేట్‌లోనో ధ్రువీకరణ చేయించాలి, మనకు దగ్గరిది చెన్నై. రిజిస్ట్రేషన్ రోజుకు భవన సంఘం నుంచి బాకీలు లేవన్న లేఖ, విదేశీ కోటా శాతం లేఖ, రెండూ తాజాగా ఉండాలి. ఒక్కటి లేకపోయినా ఆ రోజు పని జరగదు.

అమ్మేటప్పుడు ఐదేళ్లలోపైతే 3.3 శాతం ప్రత్యేక వ్యాపార పన్ను, దాటితే 0.5 శాతం స్టాంపు రుసుము. ఆదాయపు పన్ను ల్యాండ్ ఆఫీసులోనే కోస్తారు. ఇండియాలో రెండేళ్లు దాటిన లాభం మీద 12.5 శాతం, అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ అడగొచ్చు. సొమ్ము వెనక్కి పంపడానికి బ్యాంకు మళ్లీ అడిగేది కొన్నప్పటి విదేశీ మారక ధ్రువపత్రాన్నే, కాబట్టి దాని అసలు ప్రతిని టైటిల్ డీడ్‌తో పాటే లాకర్లో పెట్టుకోండి.

ఇంత చదివాక కూడా కొనాలనే ఉంటే, అదే భవనంలో ఒక ఫ్లాటు నెల రోజులు అద్దెకు తీసుకుని సెప్టెంబరులో ఉండి చూడండి. వానాకాలంలో గోడ చెమ్మ, లిఫ్టు కోసం నిలబడే సమయం, రాత్రి కారిడార్‌లో వెలిగే దీపాలెన్నో తెలుస్తాయి. దానికయ్యే ఖర్చు స్టాల్‌లో అడిగే రిజర్వేషన్ సొమ్ము కంటే తక్కువ. ఆ రిజర్వేషన్ సొమ్ము వెనక్కి రాదని ఫారం అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది.